నల్లగది వసంతమ్మ

తూకపు మిషను ఎక్కి నిలబడ్డాక వసంతమ్మ కిందికి చూడదు. ఎదురుగోడకున్న క్యాలెండరు వైపు చూస్తుంది. కిందికి చూడవలసినవాడు ఆమె మొగుడు మునెప్ప. అతను కళ్లద్దాలు సవరించుకుని, మోకాళ్ల మీద వంగి, అంకెలు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి ఉంటాడు. పొద్దున్నే ఆరు గంటలకు, కాఫీ తాగకముందు, ఒంటిమీద అదే పాత నూలు చీరతో రోజూ ఒకేలాగ తూగాలని ఆసుపత్రిలో నర్సు షారోన్ చెప్పింది. పద్ధెనిమిది నెలలుగా ఒక్క పూట కూడా ఆ పద్ధతి తప్పలేదు.

“యాభై ఏడు,” అన్నాడు మునెప్ప.

“నిన్న?”

“యాభై ఆరు.”

“సోమారం?”

మునెప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సోమవారం యాభై ఐదు. ఇవాళ గురువారం.

“రాత్రి సగం ముద్ద సంగటి కూడా తినలేదే. అంత బరువు యాడ్నుంచి వచ్చిందప్పా?”

“తిండి కాదే అది. నీళ్లు.”

ఆమె గోడ పట్టుకుని మెల్లగా దిగి మంచం అంచున కూర్చుంది. మునెప్ప మెడలో వేలాడే టేపు తీసి ఆమె చీలమండ చుట్టూ పట్టాడు. అతను దర్జీ. పుంగనూరు బస్టాండు వెనక సందులో ముప్పై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాడు. కొలత తీయడంలో అతని వేళ్లు చాలా తేలిగ్గా కదులుతాయి, ఎదుటివాళ్లకు తగిలినట్టే ఉండదు. కుడికాలు నిన్నటికన్నా అర అంగుళం ఎక్కువ. ఎడమకాలు ముప్పాతిక. పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడింది. నల్లగా నిగనిగలాడుతున్న చర్మంలో ఆ గుంట పూడడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

షారోన్‌కు అంకె పంపిన రెండు నిమిషాలకే ఫోను మోగింది.

“మూడు రోజుల్లో రెండు కిలోలు ఎక్కిందమ్మా. ఆయాసం ఎట్లుంది? పడుకోగలుగుతున్నారా?”

“మూడు దిండ్లు పెట్టుకుంటే పడుకుంటాండా. నిన్న రాత్రి కూచోనే ఉన్న్యా.”

“నీరు దిగే మాత్ర ఇంకొకటి వేసుకోండి. ఈ రోజే మదనపల్లెకు వచ్చేయండి. డాక్టరుగారు మధ్యాహ్నం దాకా ఉంటారు. రేపు అనొద్దమ్మా.”

“వస్తాన్లేమ్మా. ఫ్యాక్టరీలో ఒక లాటు సరుకు సూసేసి వస్తా.”

మునెప్ప ఫోను లాక్కోబోయాడు. అప్పటికే ఆమె పెట్టేసింది.

అతను కోపంగా వంటింట్లోకి వెళ్లి ఆ రోజు నీళ్లు కొలిచాడు. లీటరు సీసా. కాఫీ, మజ్జిగ, రసం, మాత్రల నీళ్లు అన్నీ అందులోంచే పోవాలి. కాఫీకి ఒక గ్లాసు ఒంపి, మిగతాది మూత బిగించి ఆమె సంచిలో పెట్టాడు. ఏప్రిల్ నెలాఖరు. పొద్దున్నే ఆరింటికే రేకుల కప్పు వేడెక్కడం మొదలైంది. పొయ్యి దగ్గర పెద్ద బిందె నిండుగా ఉంది, దాని మీద మూతపెట్టిన ఇత్తడి చెంబు. వసంతమ్మ ఆ వైపు చూడకుండా తల దువ్వుకుంది. ఈ రోగంలో ఆయాసం కన్నా దప్పిక పెద్ద బాధ. ఒంటినిండా నీళ్లుంటాయి, నాలుక మాత్రం అంగిటికి అతుక్కుపోతుంది. మంచుముక్క చప్పరిస్తే దప్పిక ఆగుతుందనీ, ఆ నీళ్లూ లెక్కలోకే వస్తాయనీ షారోన్ చెప్పింది కానీ, ఇంట్లో ఫ్రిజ్ లేదు. నీళ్లకు కొలత పెట్టిన కొత్తలో ఒకసారి ఆ చెంబెత్తి గటగటా తాగేసింది. ఆ రాత్రి నోటి దగ్గర గులాబి రంగు నురగ కనపడి, మునెప్ప ఆమెను ఆటోలో మదనపల్లెకు ఎత్తుకుపోయాడు. అప్పటినుంచి ఆమె చెంబు ముట్టలేదు. అతనూ ఆమె ముందు నీళ్లు తాగడం మానేశాడు. దప్పికైతే వీధిలోకి వెళ్లి తాగొస్తాడు. ఆ సంగతి తనకు తెలుసని ఆమె ఎప్పుడూ అనలేదు.

“ఈ పొద్దు పనికి పోకపోతే ఏమే?” అన్నాడు చెప్పులు ఆమె కాళ్ల దగ్గర పెడుతూ.

“కుప్పం నుంచి రెండొందల బస్తాల శెనక్కాయ గింజలు వచ్చుండాయి. మూడింటికి హాస్టళ్లకు లారీ పోవల్లంట. నేను సూడకుంటే ఎవరు సూస్తారు?”

“ఆ కొత్త మిషనుంది కదా.”

“ఉండాది,” అంది వసంతమ్మ. చెప్పు పట్టీ బిగుతుగా ఉంది. మునెప్ప దాన్ని చివరి చిల్లుకు మార్చాడు. “పన్నెండుకు బయటపడతా. గేటు కాడికి రా. ఇద్దరం బస్సెక్కుదాం.”

*

ఆమె పుట్టింది కుప్పానికి అవతల, తమిళనాడు పొలిమేరకు ఆనుకున్న పల్లెలో. పదకొండో ఏట మోకాళ్లు వాచి నెలరోజులు జ్వరం వచ్చింది. ఊరి వైద్యుడిచ్చిన మాత్రలకు జ్వరం దిగింది, వాపులు తగ్గాయి. పిల్ల మళ్లీ మేకల వెంట పరుగెత్తింది. కీళ్లను వదిలిన జ్వరం గుండెలో కూర్చుందని ఎవరికీ తెలియలేదు. పెళ్లయ్యాక ఐదో నెల కడుపు పోయినప్పుడు మదనపల్లె డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, కవాటం పాడయిందనీ, ఇంకొక కాన్పును ఈ మనిషి తట్టుకోలేదనీ చెప్పింది. ఆపరేషను మాట అప్పుడూ వచ్చింది, తర్వాతా వచ్చింది. ఒకసారి భయపడ్డారు, ఒకసారి బాగుంది కదా అనుకున్నారు. తీరా ఒప్పుకున్నప్పుడు, కత్తికి తట్టుకునే బలం గుండెకు లేదన్నారు.

అత్త ఉన్న రోజుల్లో కొడుక్కి మళ్లీ పెళ్లి చేయాలని చూసింది. మునెప్ప మిషను తొక్కడం ఆపకుండానే, “బళ్లో శానామంది బిడ్డలుండారు లేమ్మా. అందరికీ నేనే గదా గుడ్డలు కుట్టల్ల,” అన్నాడు. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో పెళ్లి ప్రస్తావన లేదు.

ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. మదనపల్లె రోడ్డు మీద పుంగనూరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుందది. వేరుశనగ గింజలు ఏరి, కొన్ని అలాగే, కొన్ని వేయించి చిక్కీ చేసి హాస్టళ్లకు, బడులకు పంపుతారు. మొదట గింజలేరే ఆడవాళ్ల వరసలో కూర్చుంది. నలభై మందిలో ఆమె ముందున్న జల్లెడ మాత్రం రెండోసారి చూడనక్కర్లేదని అప్పటి కెమిస్టు పెద్దాయన కనిపెట్టాడు. ముడుచుకున్న గింజ, తొక్క కింద బూజు నీడ ఉన్న గింజ ఆమె వేళ్లకు ముందే తెలిసిపోయేవి. “వసంతా, కంటికి కనపడే చెడ్డగింజ ఎవరైనా ఏరతారు. కనపడనిది చూస్తావా?” అని ఆయన ఆమెను ల్యాబుకు తీసుకుపోయాడు.

ల్యాబులో మూలన ఒక చిన్న గది. కిటికీ అద్దాలకు నల్లరంగు పూసి, తలుపుకు నల్ల దుప్పటి వేలాడదీశారు. లోపల బల్ల మీద మూరెడు ఊదారంగు దీపం. గింజలు పిండిచేసి, స్పిరిటులాంటి మందులో కలిపి ఊపి, వడగట్టి, ఆ నీటిని తెల్లపొడి కూర్చిన సన్నటి గాజుగొట్టంలో పోసి ఆ దీపం కింద పట్టాలి. గింజల్లో బూజు విషం లేకపోతే గొట్టం చీకట్లో కలిసిపోతుంది. ఉంటే నడుమ నీలంగా ఒక ఉంగరం వెలుగుతుంది. వాసన లేనిది, రుచి లేనిది, వేయించినా చావనిది. ఈ రోజు తింటే ఈ రోజు ఏమీ కాదు, ఏళ్ల తరబడి పిల్లల కాలేయాలను తినేస్తుంది. ఇదంతా ఆ పెద్దాయన ఆమెకు ఒకే ఒకసారి చెప్పాడు. ఆమెకు రెండోసారి చెప్పవలసిన పని పడలేదు.

ఇరవై ఆరేళ్లు గడిచాయి. పెద్దాయన పోయాడు, ఆయన తర్వాత ఐదుగురు కెమిస్టులు మారారు. ఎంత నీలముంటే ఎంత విషమో ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. గొట్టం ఎత్తి చూసి “బాగుండాది” అనో, “వొద్దు” అనో అనేది. ఆ మాట మీద లారీలు కదిలేవి, ఆగేవి. జీతం కాగితాల్లో ఆమె ‘సహాయకురాలు’. మిగతా అందరికీ నల్లగది వసంతమ్మ.

ఈ మధ్యే ఫ్యాక్టరీ ఒక రీడరు కొంది. అరచేతి వెడల్పు పెట్టె. నీటి చుక్క వేసిన పట్టీని అందులో దోపితే దాని లోపలి వెలుగే అంతా చూసుకుని పది నిమిషాల్లో అంకె చెబుతుంది. పదిహేను దాటకూడదు. నల్లగది పరీక్ష ఇంకా ఉంది కానీ, అది అలవాటు కొద్దీ మిగిలిన రెండో సంతకం మాత్రమే.

*

బస్సు దిగి గేటుదాకా నడిచే వంద గజాల్లో వసంతమ్మ మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ల్యాబుకు చేరేసరికి పెదవుల చుట్టూ బూడిదరంగు వచ్చింది.

“ఏమక్కా, మొహం అట్ల ఉండాది?” అంది భార్గవి. ఆమె ఇప్పటి కెమిస్టు. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. అంగళ్లు అనే ఊరి నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. మాట తక్కువ, పని శుభ్రం.

“ఎండమ్మా. లాటు సూసినావా?”

“తొమ్మిదొచ్చింది. పాసే. రిపోర్టు కూడా తీసినా. నువ్వు సంతకం పెడితే సార్‌కి ఇచ్చేస్తా.”

“గొట్టం కూడా పట్టేస్తాలే.”

నల్లదుప్పటి తీసి లోపలికి పోగానే చీకటి చల్లగా తగిలింది. దీపం వేసింది. ఊదా వెలుగులో ఆమె చీర అంచు, గోళ్ల చివరలు తెల్లగా మెరిశాయి. భార్గవి వడగట్టి ఉంచిన నీటిని గొట్టంలో పోసి ఎత్తి పట్టుకుంది. మోచేయి బల్లకు ఆన్చింది. నడుమ ఉంగరం ఉంది. సన్నగా, వెంట్రుకంత ఉంది. తొమ్మిదంటే సరిపోతుంది, మిషను తప్పు చెప్పలేదు. కానీ ఉంగరం తీరు ఆమెకు నచ్చలేదు. లాటంతా కొద్దికొద్దిగా పాడయితే ఉంగరం పాలిపోయి, చెదిరినట్టుంటుంది. ఇది సన్నగా ఉన్నా పదునుగా ఉంది. చాలా మంచి గింజల్లో ఎక్కడో ఒక్క బాగా కుళ్లిన గింజ పడితే అలా ఉంటుంది.

ఆమె బయటికొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఊపిరి అందాక అడిగింది.

“మచ్చు యాడ తీసినారమ్మా?”

“హమాలీలు తెచ్చిచ్చినారు. గోడౌన్ వాకిట్లో ఉండే వరస నుంచి అనుకుంటా.”

“అడుగు వరసలు ఎవరూ గుచ్చలేదా?”

“లేదక్కా.”

రిపోర్టు కోసం అప్పుడే రాజేంద్ర వచ్చాడు. పలమనేరు మనిషి, సరుకంతా అతని చేతి మీదుగా పోతుంది. చెడ్డవాడు కాదు. తొందర ఎక్కువ.

“సంతకం అయిందా వసంతమ్మా?”

“లేదు సార్. అడుగు బస్తాలు సూడల్ల. ఇవి డిశెంబరు వానలప్పటి పంట. కుప్పంలో ఏ గోడౌన్లోనో నెల మీద నిలవుండాయి. పైవి ఎండినాయి, కిందివి తడి పీల్చినాయేమో.”

“మిషను తొమ్మిది చూపించె గదా. అంత డబ్బు పోసి కొన్న మిషను తప్పు చెప్తుందా?”

“మిషను తప్పు సెప్పదు సార్. మనం పెట్టిందే అది సెప్తాది. మనం పెట్టింది పై వరస.”

రాజేంద్ర గడియారం చూసుకున్నాడు. “హమాలీలందరూ రెండో షెడ్డులో దించుతాండారు. రెండయ్యేదాకా ఒక్కడు కూడా దొరకడు. నీకంత అనుమానముంటే నువ్వే పోయి తీసుకో తల్లీ. నేను మాత్రం లారీ ఆపలేను.”

అతను ఊరికే అన్నాడు. ఆ మనిషి పోతుందని అనుకోలేదు. ఆమె ఒంట్లో బాగాలేదని అతనికి తెలుసు. ఎంత బాగాలేదో తెలియదు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

*

గోడౌను రేకుల షెడ్డు. పదకొండున్నరకు లోపల పొయ్యిలా కాగుతోంది. గోనెల వాసన, దుమ్ము. రెండొందల బస్తాలు నిలువుగా పేర్చి ఉన్నాయి. వసంతమ్మ బస్తాలో గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టం తీసుకుని వెనకవైపుకు నడిచింది. గోడకూ బస్తాలకూ మధ్య మనిషి అడ్డంగా దూరేంత సందుంది. నేలకు ఆనిన బస్తా ముందు గొంతుక్కూర్చోబోతే పొట్ట ఎగదన్ని ఊపిరాడలేదు. మోకాళ్లు ఆన్చి, తల బస్తాకు ఆన్చి గుచ్చింది. జారిన గింజలు సంచిలో పడ్డాయి. ఒకటి. కాసేపు ఆగింది. రెండు. గుండె గొంతులో కొట్టుకుంటోంది. దగ్గు వచ్చి ఎంతకీ ఆగలేదు. మూడో బస్తా దగ్గర గోనె నల్లగా మచ్చబడి ఉంది, తాకితే చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి ఆమె ఒక్క క్షణం చెంప ఆన్చింది. తర్వాత అదేమిటో గుర్తొచ్చి తల వెనక్కి తీసుకుంది.

ఏడో బస్తా దగ్గర ఎవరో ఆమె చేతిలోంచి గొట్టం తీసుకున్నారు. భార్గవి.

“నువ్వు కూచో అక్కా. యాడ గుచ్చాలో సూపించు సాలు.”

“నీ గుడ్డలు పాడయిపోతాయమ్మా.”

“పోనీలే.”

వసంతమ్మ వేలితో చూపించింది, భార్గవి గుచ్చింది. ఇరవై బస్తాలు అయ్యేసరికి పన్నెండు దాటింది. గేటు దగ్గర మునెప్ప నిలబడి ఫోను చేశాడు. ఆమె ఎత్తి, “ఇంకొంచేపు,” అంది. ఆ ఒక్క మాటకే ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అతను లోపలికి వస్తానంటే వాచ్‌మన్ ఒప్పుకోలేదు. చెట్టు నీడ కూడా లేని గేటు పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

ఈసారి పిండి చేసింది, మందు పోసింది, వడగట్టింది భార్గవే. వసంతమ్మ సీసాలోంచి రెండు గుటకలు తాగి, మూడో గుటక నోట్లోనే చాలాసేపు ఉంచుకుంది. రెండున్నరకు ఇద్దరూ నల్లగదిలోకి వెళ్లారు. భార్గవి ఆ గదిలో ఎప్పుడూ నిలబడి చూడలేదు, ఆమె పనంతా బయటి మిషనుతోనే. దుప్పటి వేసి దీపం వెలిగించాక ఆమె బల్ల మీదికి వంగింది.

గొట్టం నడుమ ఉంగరం కాదు, అంగుళం మందాన నీలం. వానకు కడిగిన ఆకాశం ముక్కలాగ ఉంది. చీకట్లో అంత అందమైనది ఇంకొకటి లేదన్నట్టు వెలుగుతోంది. దాని కాంతి వసంతమ్మ గడ్డం కింద, పాలిపోయిన పెదవుల మీద పడుతోంది.

“అబ్బా,” అంది భార్గవి మెల్లగా. “ఇంత అందంగా ఉంటుందా!”

“అందుకే ఈ గదిలో ఎక్కువసేపు నిలబడగూడదమ్మా. వొద్దనేది మర్చిపోతాం,” అంది వసంతమ్మ.

రీడరులో మళ్లీ పట్టీ పెడితే ఎనభై ఆరు వచ్చింది. రాజేంద్ర ఆ అంకె చూసి, నల్లగదిలోకి వెళ్లి గొట్టమూ చూసి వచ్చాడు. ఫోనులో యజమానితో నసిగి, తిట్లు తిని, చివరకు లారీని ఖాళీగా పంపేశాడు.

“కుప్పం షావుకారుకు చెప్పేసినా. వచ్చి వెనక్కి తీసుకుపోతాడంట.”

“వెనక్కి పంపితే ఇంకో గేటుకు పోతాయి సార్. ఆడ మిషనుంటాదో లేదో, అడుగు బస్తాలు ఎవరు గుచ్చుతారో. ఈడనే ఆపి, ఆఫీసర్లకు సెప్పల్ల.”

“అది మన పని కాదు వసంతమ్మా. మన గేటు దాకే మనం.” తర్వాత ఆమె ముఖం సరిగ్గా చూశాడు. “నీకేమైంది? ఇంటికి పోమ్మా నువ్వు. రెండు రోజులు రావద్దు.”

ఆమె లేచింది. భార్గవి ఆమె రెక్క పట్టుకుని గేటుదాకా వచ్చింది. “అక్కా, నేనేం చేయల్ల?” అని అడిగింది సగం దారిలో.

“నన్ను అడగొద్దమ్మా. నువ్వు సదువుకున్నావు. నీ సంతకానికి ఇలువుండాది. నాది ఉత్త మాట.”

*

మునెప్ప గేటు దగ్గర ఆమెను చూసి అనాలనుకున్న మాటలన్నీ మింగేశాడు. ఎండకు అతని మొహం ఇటుకలా కాలిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, తువ్వాలు మడతపెట్టి ఆమె తల వెనక పెట్టాడు. మదనపల్లె ఇంకా ఇరవై కిలోమీటర్లు. దారికి రెండుపక్కలా టమాటా తోటలు, వాటి మధ్య ఎండిన కర్రల వరసలు.

“మధ్యాహ్నం డాక్టరు పొయ్యుంటాడు,” అన్నాడు.

“షారోనమ్మ ఉంటాది.”

“ఎవరి బిడ్డలకోసమో నీకెందుకే ఇంత పాటు?”

వసంతమ్మ బయటికి చూస్తూ, “నువ్వు వాళ్లకే గదా గుడ్డలు కుడతాండేది,” అంది. కాసేపటికి మళ్లీ, “ఏమప్పా, సీసాలో ఎన్ని నీళ్లుండాయి?” అని అడిగింది.

సీసాలో పావు వంతు మిగిలి ఉంది. మునెప్ప మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఎన్ని గుటకలో ఈసారి చూడలేదు. ముఖం నడవ వైపుకు తిప్పుకున్నాడు. ఆమె పెదాలు తడిపేంత తాగి తిరిగి ఇచ్చింది.

“తాగు,” అన్నాడు.

“నువ్వు తాగు. పొద్దున్నుంచి ఎండలో ఉండావు.”

అతను తాగాడు. పద్ధెనిమిది నెలల తర్వాత ఆమె ముందు. గుటక వేసేటప్పుడు అతని గొంతు పైకీ కిందికీ ఆడడం ఆమె చూస్తూ ఉంది. తాగుతున్నది తనే అన్నట్టు కళ్లు సగం మూసుకుంది.

ఆసుపత్రిలో షారోన్ తిట్టలేదు. చక్రాల కుర్చీ తెప్పించి, మంచం తల ఎత్తుగా పెట్టించి, ముక్కుకు గాలి పెట్టింది. డ్యూటీ డాక్టరు వీపు మీద వింటూ, పైదాకా నీరు పట్టిందన్నాడు. నరం దొరకడానికి మూడుసార్లు గుచ్చారు. మందు ఎక్కించి, మూత్రానికి గొట్టం వేసి, మంచం పక్కన ప్లాస్టిక్ సంచి తగిలించారు. సంచి మీద గీతలున్నాయి.

“ఇది నిండితే మంచిదప్పా. ఎంత దిగితే ఊపిరితిత్తులకు అంత తేలిక,” అంది షారోన్ మునెప్పతో. “చూస్తూ ఉండండి.”

చూడమంటే మునెప్పకు చూడడం వచ్చు. స్టూలు మంచం కాళ్ల వైపుకు లాక్కుని, కళ్లద్దాలు సవరించుకుని, సంచి మీది గీతల మీద చూపు నిలిపాడు. ఐదింటికి వంద. ఐదున్నరకు రెండొందలు. చుక్క చుక్కగా మొదలైంది, తర్వాత సన్నటి దారంలా దిగింది. ఇన్నాళ్లూ ఆమె ఒంట్లోకి పోయేదాన్ని కొలిచాడు. బయటికొచ్చేదాన్ని కొలవడం ఇదే మొదలు. అతనికి ఉత్సాహం వచ్చింది.

“మూడొందల యాభై,” అన్నాడు.

“ఊఁ,” అంది వసంతమ్మ. ఆయాసం కొంచెం తగ్గినట్టే ఉంది. వాలిన కళ్లతో అతని నడినెత్తి వైపు చూస్తోంది. “ఆ బస్తాలు యాడికి పోతాయో,” అంది ఒకసారి.

“ఇప్పుడు బస్తాల మాట ఎందుకే? నీళ్లు దిగతాండాయి సూడు. ఐదొందలు.”

కిటికీ బయట సాయంత్రం ఎర్రబడింది. పక్క మంచం ముసలమ్మకు ఎవరో ఇడ్లీ తెచ్చారు. నడవాలో బకెట్టు చప్పుడైంది. సంచిలో నీరు ఆరో గీతను మెల్లగా తాకి, దాటింది. మునెప్ప చిన్నపిల్లాడిలా తల ఎత్తకుండానే నవ్వాడు.

“వసంతా, ఆరొందలు దాటిపాయె! రేపు పొద్దుటికి చీలమండలు కనపడతాయి సూస్కో.”

జవాబు రాలేదు. నిద్రపోయిందనుకున్నాడు. ఇన్ని రోజుల తర్వాత నిద్రపట్టిందని సంతోషించి, అలికిడి చేయకుండా సంచినే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి చుక్కలు ఆగాయి. గొట్టం మెలిపడిందేమోనని వేలితో సవరించాడు. అయినా దిగలేదు. అప్పుడు తల ఎత్తాడు.

షారోన్ పరుగెత్తుకొచ్చింది, డాక్టరు వచ్చాడు, తెర లాగారు. తెర వెనకనుంచి గుండె మీద ఒత్తే చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. మునెప్ప మెడలోని టేపును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో అతన్ని కూర్చోబెట్టారు.

*

శుక్రవారం పుంగనూరులో ఆమెను మట్టి చేశారు. గింజలేరే ఆడవాళ్లంతా వచ్చారు. రాజేంద్ర వచ్చి, దూరంగా చేతులు కట్టుకుని నిలబడి వెళ్లిపోయాడు.

సోమవారం ఉదయం కుప్పం షావుకారి లారీ బస్తాల కోసం వస్తుందని తెలిసింది. భార్గవి ఎవరినీ అడగలేదు. ఆదివారమే ఆహార భద్రత అధికారికి ఫోను చేసి, రెండు అంకెలూ చెప్పి, తన పేరూ చెప్పింది. లారీ కన్నా ముందు ఆయన జీపు వచ్చింది. గోడౌనుకు తాళం పడింది, తాళం మీద లక్క పడింది. రాజేంద్ర రుసరుసలాడుతూ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ల్యాబు వాకిట్లోకి వచ్చి, “అడుగు బస్తాల మచ్చు ఇంకా ఉంటే ఆయనకిచ్చెయ్,” అని వెళ్లిపోయాడు.

గురువారం మిగిలిన పిండి పొట్లాన్ని భార్గవి ఫ్రిజ్ పైగదిలో పెట్టింది. అధికారి కాగితాలు రాసుకుంటూ బయట కూర్చుని ఉన్నాడు. ఆమె మంచుపొర గీకి తలుపు లాగి, పొట్లం బయటికి తీసింది. దాని వెనక, గోడకు ఆనుకుని, చిన్న ప్లాస్టిక్ ట్రే కనపడింది. పక్కన అతికించిన కాగితం మీద వసంతమ్మ వంకర అక్షరాలు: పేరు, గురువారం తారీఖు, దాని కింద ‘పదహారు చెంచాలు – సీసా నీళ్లే’.

“అయిందా మేడం?” అని బయటినుంచి అధికారి అడిగాడు.

“వస్తాండా సార్,” అంది భార్గవి. కానీ కదల్లేదు.

ట్రేలో ఎనిమిది గుంటలు. రెండు ఖాళీ. మిగిలిన ఆరింటిలో నిమ్మరసం పిండిన నీళ్లు, లేత పసుపు రంగులో, అంచులదాకా గడ్డకట్టి ఉన్నాయి.